హజ్రత్ మూసా కలీముల్లాహ్ (అలైహిస్సలాం)

ఈ సావనీరుకు ప్రవక్తలలో ఒకరి జీవితం రాయమని కార్యవర్గం వారు అడిగారు. నేను ఉర్దూ మీడియం పంతులును. తెలుగు రాయడం మొదలుపెడితే మధ్యమధ్య ఉర్దూ మాటలు వాటంతట అవే జొరబడతాయి. పాఠకులు పెద్ద మనసుతో సర్దుకోవాలని మనవి.

ఎవరి గురించి రాయాలా అని ఎక్కువ ఆలోచించలేదు. ఖుర్‌ఆన్ షరీఫ్‌లో మిగతా ప్రవక్తలందరి కన్నా ఎక్కువసార్లు వచ్చే పేరు హజ్రత్ మూసాది, సుమారు 136 చోట్ల వస్తుంది. యూదులు, క్రైస్తవులు ఆయన్ని మోషే అంటారు. మూడు మతాల వాళ్లూ గౌరవించే మహనీయుడు ఆయన. మన ఇళ్లలో చిన్నపిల్లలకు సైతం ఆయన చేతికర్ర పాము కావడం, సముద్రం చీలిపోవడం తెలుసు. అయితే ఆ రెండు సంగతులకు ముందు ఆయన చేసిన పని ఒకటుంది. తన మీద హత్యానేరం ఉన్న ఊరికి, తనను చంపాలని చూసిన రాజుగారి దర్బారుకు తన కాళ్లతో తానే తిరిగి వెళ్లాడు. నాకు ముఖ్యంగా చెప్పాలని ఉన్నది అది.

హజ్రత్ యూసుఫ్ కాలంలో ఈజిప్టుకు, అంటే మనం మిస్ర్ అనే దేశానికి, వచ్చి స్థిరపడ్డ బనీ ఇస్రాయీల్ వారు కొన్ని తరాలు గడిచేసరికి అక్కడ బానిసలైపోయారు. ఫిరౌన్ అనేది ఒక మనిషి పేరు కాదు, ఆ దేశపు రాజుల బిరుదు. మూసాకు ఎదురైన ఫిరౌన్ పేరేమిటో ఖుర్‌ఆన్ చెప్పలేదు, బైబిలూ చెప్పలేదు. క్రీ.పూ. 1279 నుంచి 1213 వరకు ఏలిన రెండవ రామ్సెస్ అని కొందరు పండితులు, అతని కొడుకు మెర్నెప్తా అని మరికొందరు అంటారు. మెర్నెప్తా వేయించిన రాతి శాసనం ఒకటి 1896లో బయటపడింది. ఇస్రాయీల్ అనే జనం పేరు ఉన్న ఈజిప్టు శాసనం అదే. మూసా పేరు మాత్రం అక్కడి రాతల్లో ఎక్కడా దొరకలేదు. రాజులు తమ గెలుపులు రాయించుకుంటారు గాని, ఓడిపోయిన కథ ఎవరు చెక్కిస్తారు!

ఆ బానిసల బతుకు ఎలాంటిదో మాత్రం ఊహించుకోవచ్చు. థీబ్స్ నగరం దగ్గర రెఖ్‌మిరే అనే మంత్రి సమాధి గోడల మీద బొమ్మలున్నాయి. యుద్ధఖైదీలు బురద తొక్కి, అచ్చుల్లో పోసి, ఇటుకలు ఎండబెడుతుంటే కర్ర పట్టుకున్న కావలివాళ్లు పక్కన కూర్చుని ఉంటారు. మన ఊళ్ల బయట ఇటుక బట్టీలు చూసినవాళ్లకు ఆ బొమ్మ కొత్తగా అనిపించదు. బైబిల్లోని నిర్గమకాండము కూడా ఇస్రాయీలీలు పీతోము, రామెసేసు అనే రెండు పట్టణాలు కట్టారని చెబుతుంది.

ఇది చాలదన్నట్టు, ఆ జాతిలో పుట్టిన మగపిల్లలను చంపించి ఆడపిల్లలను వదిలేయమని ఫిరౌన్ హుకుం ఇచ్చాడు. మనుషులు తగ్గిపోతే ఇటుకలు చేసేవాళ్లు కరువవుతారని ఒక ఏడు చంపి ఒక ఏడు వదిలేవారనీ, అన్న హారూన్ వదిలేసిన ఏట, మూసా చంపే ఏట పుట్టారనీ తఫ్సీర్లలో ఉంది.

ఈ కథలో దైవాజ్ఞకు మొట్టమొదట తలవంచింది ఒక స్త్రీ అని మనం మరచిపోకూడదు. బిడ్డకు పాలు పట్టి, భయం వేసినప్పుడు నదిలో వదలమని అల్లాహ్ ఆ తల్లి మనసులో వేశాడు. చంపేవాళ్ల చేతికి చిక్కకుండా బిడ్డను నీళ్లపాలు చేయడం! ఏ తల్లికైనా ఇది సాధ్యమయ్యే పనేనా? ఆమె పెట్టెలో పడుకోబెట్టి వదిలింది. వదిలాక ఆమె గుండె ఖాళీ అయిపోయిందనీ, రహస్యం బయటపెట్టేసేదే గాని అల్లాహ్ ఆమె మనసును కట్టిపట్టాడనీ సూరె ఖసస్ చెబుతుంది. అక్క ఒడ్డు వెంట దూరదూరంగా నడుస్తూ పెట్టెను కనిపెట్టి చూసింది. పెట్టె పోయిపోయి ఫిరౌన్ ఇంటికే చేరింది. బైబిల్ ప్రకారం రాజుగారి కూతురు, ఖుర్‌ఆన్ ప్రకారం రాజుగారి భార్య ఆ బిడ్డను కాపాడింది. ఆమెనే మనం బీబీ ఆసియా అంటాం. పిల్లవాడు ఏ దాది పాలూ ముట్టలేదు. అక్క ముందుకొచ్చి ఒక మంచి ఇల్లు చూపిస్తానంది. అలా కన్నతల్లే పాలిచ్చే దాదిగా కుదిరింది. చంపించమన్న రాజు ఇంటి ఖర్చుతోనే పిల్లవాడు పెరిగాడు.

మూసా పెరిగి యువకుడయ్యాడు. రాజభవనంలో తిన్నా, తన రక్తం ఏదో ఆయనకు తెలుసు. ఒకరోజు జనం ఏమరుపాటుగా ఉన్న వేళ పట్టణంలోకి వెళితే ఇద్దరు కొట్టుకుంటున్నారు. ఒకడు తనవాడు, రెండోవాడు ఖిబ్తీ, అంటే ఆ దేశస్థుడు. తనవాడు సాయం అడిగాడు. మూసా ఒక్క గుద్దు గుద్దాడు, అవతలివాడు పడి చచ్చిపోయాడు. చంపాలని కాదు, కాని ప్రాణం పోయింది. ఆయన వెంటనే అది షైతాన్ పని అని ఒప్పుకుని అల్లాహ్‌ను క్షమాపణ వేడుకున్నాడు, క్షమాపణ దొరికింది. అయితే పైవాడు క్షమించినా సర్కారు క్షమించదు గదా. మర్నాడు నిన్నటివాడే మళ్లీ ఇంకొకడితో కొట్లాడుతూ కనిపించాడు. ఆ గొడవలో సంగతి బయటపడిపోయింది. ఊరి ఆ చివర నుంచి ఒక మనిషి పరుగెత్తుకుంటూ వచ్చి, పెద్దలు నిన్ను చంపాలని మంతనాలాడుతున్నారు, వెళ్లిపో అని చెప్పాడు. ఆ మనిషి ఎవరోగాని, అతను కూడా ప్రాణానికి తెగించే వచ్చాడు.

మూసా కట్టుబట్టలతో మద్‌యన్ దారి పట్టాడు. అఖబా అఖాతానికి తూర్పున, అరేబియా వాయవ్య దిక్కున ఉన్న ప్రాంతమది. అక్కడ ఒక బావి దగ్గర కాపరులు గొర్రెలకు నీళ్లు పెడుతున్నారు. ఇద్దరు ఆడపిల్లలు మాత్రం తమ మందను పక్కకు తోలి నిలబడి ఉన్నారు. మగవాళ్లు వెళ్లిపోయేదాకా వాళ్లకు వంతు రాదు, తండ్రేమో ముసలివాడు. మూసా మాట్లాడకుండా నీళ్లు తోడి పెట్టాడు. కూలి అడగలేదు. వెళ్లి నీడన కూర్చుని, ఏ మేలు దొరికినా దానికి మొహతాజుగా ఉన్నానని తన ప్రభువుకు విన్నవించుకున్నాడు. నిన్నటిదాకా రాజు ఇంట పెరిగిన మనిషి!

ఆ అమ్మాయిల్లో ఒకామె బిడియపడుతూ వచ్చి, నాన్నగారు పిలుస్తున్నారంది. ఆ పెద్దాయన హజ్రత్ షుఐబ్ అని చాలామంది అంటారు, కాదనే ఉలమాలూ ఉన్నారు. బైబిల్లో ఆయన పేరు యిత్రో. ఈయన బలవంతుడు, నమ్మకస్థుడు, పనికి పెట్టుకోండి అని కూతురే సలహా ఇచ్చింది. ఎనిమిదేళ్లు పనిచేయాలి, ఇష్టమైతే పది పూర్తి చేయవచ్చు, ఒక కూతురునిచ్చి పెళ్లి చేస్తాను అని ఆ పెద్దాయన షరతు. ఒప్పందం కుదిరింది. మూసా పదేళ్లూ పూర్తి చేశారని హదీసు. ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఈ పెళ్లిలో అల్లుడు డబ్బు తీసుకోలేదు, పదేళ్లు గొర్రెలు కాశాడు. మన పెళ్లిళ్లలో లాంఛనాల జాబితా రాసుకునే పెద్దలు ఈ భాగం వచ్చేసరికి ఎందుకో పేజీ తిప్పేస్తారు.

పదేళ్లు గొర్రెల కాపరిగా ప్రశాంతంగా గడిచాయి. భార్యాబిడ్డలు, చేతిలో కర్ర, తలమీద ఏ నేరమూ లేనట్టు బతుకు. ఆ తర్వాత కుటుంబంతో ప్రయాణంలో ఉండగా తూర్ కొండ వైపు మంట కనిపించింది. దారి అడుగుదామనో, చలి కాచుకోవడానికి నిప్పు తెద్దామనో ఒక్కడే వెళ్లాడు. అక్కడ తువా లోయలో ఒక చెట్టు వైపు నుంచి పిలుపు వినిపించింది. చెప్పులు విప్పమని ఆజ్ఞ. అల్లాహ్ తనతో నేరుగా మాట్లాడిన కారణంగా ఆయనకు కలీముల్లాహ్ అనే బిరుదు వచ్చింది. కర్ర కింద వేయమంటే వేశాడు, అది పాములా కదిలేసరికి వెనక్కి తిరిగి చూడకుండా పరుగెత్తాడు. చెయ్యి చంకలో పెట్టి తీస్తే తెల్లగా మెరిసింది. ఉర్దూ కవులు యదె బైజా అంటే ఈ చెయ్యే.

ఆ తర్వాత అసలు ఆజ్ఞ వచ్చింది. ఫిరౌన్ దగ్గరికి వెళ్లు, వాడు హద్దు మీరాడు.

ఆయన వెంటనే ఛాతీ విరుచుకుని బయలుదేరలేదు, చూడండి. ఉన్నది ఉన్నట్టు చెప్పుకున్నాడు. వాళ్ల మనిషిని ఒకణ్ణి చంపాను, నన్ను చంపేస్తారని భయంగా ఉంది. నా గుండె బిగుసుకుపోతుంది, నాలుక సాగదు. నా అన్న హారూన్ నాకన్నా బాగా మాట్లాడతాడు, అతణ్ణి తోడివ్వు. బైబిల్లోనైతే ఇంకొకరిని ఎవరినైనా పంపించమని కూడా వేడుకున్నట్టు, దానికి దేవుడు కోపించినట్టు ఉంది. పసితనంలో ఫిరౌన్ పెట్టిన పరీక్షలో నిప్పుకణం నోట్లో పెట్టుకోవడం వల్ల ఆయన నాలుక కాలిందని తఫ్సీర్లలో ఒక కథ. ఖుర్‌ఆన్‌లో ఆ కథ లేదు గాని, నాలుక ముడి విప్పమన్న దువా మాత్రం సూరె తాహాలో ఉంది. నా క్లాసులో నత్తి ఉన్న పిల్లవాడు ఒకడుండేవాడు. పాఠం చదవడానికి లేవమంటే కన్నీళ్లు పెట్టుకునేవాడు. ఒకరోజు ఈ దువా నేర్పి, ఇది ఎవరు చేసిన దువానో చెప్పాను. అంత పెద్ద ప్రవక్తకు కూడానా సార్ అన్నట్టు నా మొహంలోకి చూశాడు. నత్తి పోయిందని చెప్పను, అది అబద్ధం అవుతుంది. లేచి నిలబడి చదవడం మాత్రం మొదలుపెట్టాడు.

అడిగినవన్నీ దొరికాయి. హారూన్‌ను తోడిచ్చాడు. భయపడకండి, నేను మీతోనే ఉన్నాను, వింటున్నాను, చూస్తున్నాను అన్న అభయం దొరికింది. దాంతోపాటు ఒక షరతు కూడా ఉంది. ఫిరౌన్‌తో మెత్తగా మాట్లాడాలి. పసిపిల్లల్ని చంపించినవాడితో, తనను తానే దేవుణ్ణని చాటుకున్నవాడితో మెత్తగా మాట్లాడాలట! ఈ ఆయతు దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకు స్టాఫ్ రూములో నేను కేకలు వేసిన రోజులు గుర్తొచ్చి తల దించుకుంటాను.

దర్బారులో ఫిరౌన్ వెంటనే కత్తి దూయలేదు. తెలివిగా ఉపకారం ఎత్తిపొడిచాడు. చిన్నప్పుడు మా ఇంట పెరగలేదా, ఇన్నేళ్లు మా అన్నం తినలేదా, ఆపైన నువ్వు చేసిన ఆ పని చేశావు కదా అన్నాడు. నిండు సభలో హత్య సంగతి ఎత్తాడన్నమాట. మూసా బుకాయించలేదు. అవును చేశాను, అప్పుడు తెలియనితనంలో ఉన్నాను, మీకు భయపడి పారిపోయాను అన్నాడు. ఆ తర్వాత ఉపకారం లెక్క కూడా తేల్చాడు. నా జాతి మొత్తాన్ని బానిసలుగా పెట్టుకుని, నన్నొక్కణ్ణి పెంచిన సంగతి నా మీద ఉపకారంగా చెబుతున్నావా? ఆయన కోరింది సింహాసనం కాదు, బనీ ఇస్రాయీల్‌ను తనతో పంపమనే. ఫిరౌన్ జైలులో వేయిస్తానని బెదిరించాడు. అప్పుడే కర్ర, చెయ్యి చూపించాడు. ఇదంతా జాదూ అని తేల్చి, రాజ్యమంతటా ఉన్న మాంత్రికులను పిలిపించారు.

పండుగ రోజున, పొద్దెక్కిన వేళ, జనమంతా చూస్తుండగా పోటీ. మాంత్రికులు గెలిస్తే బహుమానం ఏమిటని ముందే బేరమాడుకున్నారు. వాళ్ల తాళ్లు, కర్రలు పాకుతున్నట్టు కనిపించేసరికి మూసాకు లోపల భయం కలిగిందని ఖుర్‌ఆన్ దాచకుండా చెబుతుంది. అయినా కర్ర వేశాడు, అది వాళ్లు కల్పించినదాన్నంతా మింగేసింది. జాదూ ఏదో, కానిదేదో అందరికన్నా బాగా తెలిసినవాళ్లు మాంత్రికులే. అక్కడికక్కడే సజ్దాలో పడిపోయారు. ఫిరౌన్ మండిపడ్డాడు. ఒకపక్క చెయ్యి, ఇంకోపక్క కాలు నరికించి, ఖర్జూరపు మానులకు శిలువ వేయిస్తానన్నాడు. పొద్దున బహుమానం కోసం బేరమాడినవాళ్లే మధ్యాహ్నానికి, నువ్వు చేయగలిగింది చేసుకో, నీ అధికారం ఈ లోకం బతుకు వరకే అన్నారు. హజ్రత్ మూసా కథ అంతటిలో నాకు ఎక్కువగా గుండె కదిలేది ఇక్కడే.

ఫిరౌన్ ఇంటివాళ్లలోనే విశ్వాసం దాచుకున్న ఒక పెద్దమనిషి ఉండేవాడు. మూసాను చంపుదామన్నప్పుడు ఆయన లేచి, అల్లాహ్ నా ప్రభువు అన్నందుకు ఒక మనిషిని చంపుతారా, అబద్ధమైతే ఆ పాపం అతనిదే, నిజమైతే మీ గతేమిటి అని అడిగాడు. ఖుర్‌ఆన్‌లో నలభయ్యో సూరాకు అల్‌ మోమిన్ అనే పేరు ఈయన వల్లనే.

అయితే శత్రువు కన్నా సొంతవాళ్ల మాట ఎక్కువ నొప్పిస్తుంది. మూసా దర్బారుకు వెళ్లిన ఫలితంగా ఫిరౌన్ పని ఇంకా కఠినం చేశాడు. ఇటుకల మట్టిలో కలిపే గడ్డి ఇక సర్కారు ఇవ్వదు, మీరే ఏరుకోండి, ఇటుకల లెక్క మాత్రం తగ్గకూడదు అన్నాడని నిర్గమకాండము చెబుతుంది. దెబ్బలు తిన్న మేస్త్రీలు ఫిరౌన్‌ను ఏమీ అనలేక మూసా మీద పడ్డారు. నువ్వు రాకముందూ బాధలే, వచ్చాకా బాధలే అని వాళ్లు వాపోయిన సంగతి ఖుర్‌ఆన్‌లో కూడా ఉంది. సంఘం పని మీద నాలుగు గడపలు తిరిగిన మన సభ్యులకు ఈ మాట కొత్త కాదనుకుంటాను. మూసా సహనం పట్టమన్నాడు, పనిలోనే ఉన్నాడు. తుపాను, మిడతలు, పేలు, కప్పలు, రక్తం ఒకదాని వెంట ఒకటి ఆ దేశం మీద వచ్చాయి. ప్రతిసారీ మూసాను బతిమాలడం, ఆపద తొలగగానే మాట తప్పడం, ఇదీ వరస.

చివరికి రాత్రికి రాత్రే జనాన్ని తీసుకుని బయలుదేరమని ఆజ్ఞ అయింది. తెల్లవారేసరికి ఫిరౌన్ సైన్యం వెంటబడింది. ముందు సముద్రం, వెనుక రథాలు. చిక్కిపోయాం అని జనం గోల పెట్టారు. ఎంతమాత్రం కాదు, నా ప్రభువు నాతో ఉన్నాడు, దారి చూపిస్తాడు అన్నాడు మూసా. తూర్ కొండ మీద పాముకు భయపడి పరుగెత్తినవాడు, పోటీ రోజున లోలోపల జంకినవాడు, ఇక్కడ మాత్రం అంత జనం ముందు జంకలేదు. అప్పటికింకా సముద్రం చీలలేదు. ఆ మాట అన్న తర్వాతే కర్రతో కొట్టమని ఆజ్ఞ వచ్చింది. నీళ్లు కొండల్లా రెండు పక్కలా నిలిచాయి, వీళ్లు దాటారు, ఫిరౌన్ మునిగాడు. మునిగేటప్పుడు నమ్ముతున్నానన్నాడు గాని సమయం మించిపోయింది. వాడి శరీరాన్ని తర్వాతి వాళ్లకు నిదర్శనంగా ఉంచుతానని అల్లాహ్ సెలవిచ్చాడు. రామ్సెస్, మెర్నెప్తాల మమ్మీలు రెండూ దొరికాయి, ఒకటి 1881లో, రెండోది 1898లో. 2021లో మిగతా రాజుల మమ్మీలతో పాటు వాటిని కైరోలో కొత్త మ్యూజియానికి ఊరేగింపుగా తరలించారు. ఆ ఇద్దరిలో వాడు ఉన్నాడో లేడో అల్లాహ్‌కే ఎరుక.

ఈ విముక్తి జరిగింది ఆషూరా నాడు. మన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) మదీనాకు వచ్చినప్పుడు యూదులు ఆ రోజు ఉపవాసం ఉండడం చూసి, కారణం తెలుసుకుని, మూసా మీద మాకు ఇంకా ఎక్కువ హక్కు ఉందని తానూ రోజా ఉండి, మనల్నీ ఉండమన్నారు. మన ఊళ్లలో మొహర్రం పదో రోజంటే కర్బలా షహీదులు గుర్తొస్తారు, పీర్లు లేస్తాయి. అదే రోజు రోజా ఉండే మన ఇళ్లలోని ముసలమ్మలలో ఎందరికి ఆ రోజాకు, మూసాకు ఉన్న సంబంధం తెలుసో నాకు తెలియదు.

సముద్రం దాటిన తర్వాతి కథ క్లుప్తంగా చెబుతాను, అది మూసా కన్నా ఆయన జాతి కథ. కాళ్ల తడి ఆరకముందే విగ్రహం చేసిపెట్టమన్నారు. ఆయన నలభై రాత్రులు తూర్ కొండ మీద ఉండి తౌరాతు తెచ్చేలోగా సామిరీ మాట విని ఆవుదూడను కొలిచారు. ఎడారిలో ఆకాశం నుంచి మన్న, సల్వా దిగుతుంటే, రోజూ ఇదేనా, మాకు పప్పు, ఉల్లిపాయ, వెల్లుల్లి, దోసకాయ కావాలన్నారు. పవిత్ర భూమిలోకి వెళ్లమంటే, అక్కడ బలవంతులున్నారు, నువ్వూ నీ ప్రభువూ వెళ్లి యుద్ధం చేయండి, మేమిక్కడే కూర్చుంటాం అన్నారు. ప్రభూ, నా మీద, నా అన్న మీద తప్ప ఇంకెవరి మీదా నాకు అధికారం లేదు అని మూసా మొరపెట్టుకున్నాడు. వాళ్లకు నలభై ఏళ్లు ఎడారిలో తిరగడం రాసిపెట్టింది. వాళ్లతోపాటు ఆయనకూ తప్పలేదు.

బైబిల్ లెక్క ప్రకారం ఫిరౌన్ ముందు నిలబడేనాటికి మూసాకు 80 ఏళ్లు, చనిపోయేనాటికి 120. ఖుర్‌ఆన్ వయసులు చెప్పదు. ఇప్పుడు జోర్డాన్ దేశంలో ఉన్న నెబో కొండ ఎక్కి, నదికి అవతల ఉన్న ఆ భూమిని కళ్లతో చూసి, అందులో అడుగుపెట్టకుండానే కన్ను మూశారని ద్వితీయోపదేశకాండము చెబుతుంది. ఆయన సమాధి ఎక్కడో ఎవరికీ తెలియదని కూడా అందులోనే ఉంది. ఆ పవిత్ర భూమికి రాయి విసిరినంత దూరంలోనైనా తనను చేర్చమని మూసా వేడుకున్నారనీ, దారి పక్కన ఎర్రని ఇసుక దిబ్బ దగ్గర ఆయన సమాధి ఉందనీ మన హదీసులో వస్తుంది. 1269లో సుల్తాన్ బైబర్స్ జెరికో పట్టణం దగ్గర ఆయన పేరిట ఒక మఖామ్ కట్టించాడు. జెరూసలేం నుంచి జెరికోకు దిగే దారిలో దాని తెల్లని గుమ్మటాలు నేటికీ కనిపిస్తాయి.